బాలగ్రంథి – వింత పోకడల కణితి

ఆరోగ్య శీర్షిక

ఈ శీర్షికన మేము సాధారణంగా రక్తపోటు, మధుమేహం, నడుము నొప్పి వంటి, మన ఉద్యోగులలో పదిమందికీ పరిచయమైన వ్యాధులను గురించి వ్రాస్తూ ఉంటాము. ఈసారి మాత్రం పది లక్షల జనాభాలో ఏటా ఒకరిద్దరికి మించి రాని ఒక కణితిని గురించి వ్రాస్తున్నాము. ఇంత అరుదైన వ్యాధికి ఇన్ని పుటలు కేటాయించడం ఎందుకని పాఠకులు ప్రశ్నించవచ్చును. కారణం ఉన్నది. ఆ ఒకరిద్దరిలో ఒకరు మా విభాగంలోనే, మాకు ఎదురు బల్ల వద్దనే కూర్చునేవారు. ఆయన అనుమతి తీసుకుని, పేరు చెప్పకుండా, ఆయన అనుభవాన్ని ఇక్కడ వివరిస్తున్నాము. అందులో మా పొరపాటు కూడా కొంత ఉన్నది గనుక దానిని దాచడం ధర్మం కాదు.

సరోజినీ నగర్ క్వార్టరులో

ఇది 1998 నాటి మాట. మా సహోద్యోగి సతీమణి కేంద్ర ప్రభుత్వ ఉద్యోగిని. ఆమె పేరిట ఢిల్లీ సరోజినీ నగర్‌లో కేటాయించిన క్వార్టరులో ఆ దంపతులు కాపురముండేవారు. హైదరాబాదులో పుట్టి, తెలుగువారైన డాక్టర్ గోవిందరాజులు నాయుడు గారిని వివాహమాడిన సరోజినీ నాయుడు పేరు పెట్టుకున్న కాలనీ అది. ఆంధ్రదేశం నుండి బదిలీపై వచ్చిన కుటుంబాలకు ఆ పేరే ఒక ఊరట. మార్కెట్టు దగ్గర, బస్సు స్టాపు దగ్గర తెలుగు మాట వినబడితే చాలు, పలకరింపులు మొదలయ్యేవి.

మా సహోద్యోగికి అప్పటికి నలభై ఆరేళ్ళు. ఉదయం తొమ్మిదిన్నరకు బల్ల ముందు కూర్చున్నప్పుడు ఆయన ముఖంలో ఏ లోపమూ కనిపించేది కాదు. మధ్యాహ్నం దాటేసరికి ఎడమ కనురెప్ప వాలిపోయేది. నాలుగు గంటలకు రెండవ రెప్ప కూడా బరువెక్కేది. ఫైలులోని అక్షరాలు రెండు వరుసలుగా కనిపిస్తున్నవని చెప్పి ఆరు నెలలలో రెండుసార్లు కళ్ళజోడు మార్పించారు. సమావేశంలో పది నిమిషాలు మాట్లాడగానే గొంతు ముక్కులోనుండి వచ్చినట్లయ్యేది. “ఏమయ్యా, రాత్రి నిద్ర పోలేదా?” అని మేము పరిహాసమాడేవాళ్ళం. మాలో ఒకరు ఆయనకు కుంభకర్ణుడని పేరు పెట్టగా అది విభాగమంతా పాకింది. కడపటికి, పని వేళలలో బల్ల వద్ద నిద్రిస్తున్నారన్న ఆరోపణపై ఆయనకు ఒక మెమో కూడా వచ్చినది. ఆ మెమో ముసాయిదా తయారు చేసిన వారిలో మేము కూడా ఉన్నాము.

వ్యాధిని మొదట గుర్తించినది ఇంటి ఇల్లాలు. రాత్రి భోజనం చేసేటప్పుడు నాలుగు ముద్దలు నమిలిన తరువాత ఆయన చేత్తో దవడను ఎత్తి పట్టుకోవడం ఆమె చూశారు. “ఏమండీ, ఇది కళ్ళజోడు జబ్బు కాదు” అని పట్టుబట్టి పెద్ద ఆసుపత్రికి తీసుకువెళ్ళారు. అక్కడి వైద్యులు చేసిన మొదటి పరీక్షకు యంత్రమేదీ అవసరం కాలేదు. ఒక నిమిషం పాటు రెప్పవాల్చకుండా పైకి చూడమన్నారు. రెప్పలు క్రమంగా దిగిపోయినవి. ఒక గుడ్డలో మంచు ముక్కలు చుట్టి, మూసిన కంటి మీద రెండు నిమిషాలు ఉంచి తీశారు. వాలిన రెప్ప పైకి లేచినది. అది మయస్తీనియా గ్రేవిస్ అనే కండరాల బలహీనతా వ్యాధి అని అనుమానించి, తదుపరి పరీక్షలతో నిర్ధారించారు. ఆ వెంటనే రొమ్ముకు సీ.టీ. స్కాన్ తీయించమన్నారు. రెప్ప వాలితే రొమ్ముకు స్కాన్ ఎందుకని ఆ దంపతులు విస్తుపోయారు. స్కాన్‌లో రొమ్ము ఎముక వెనుక, గుండెకు ముందు భాగాన, నిమ్మకాయ పరిమాణంలో ఒక కణితి కనిపించినది. దాని పేరు థైమోమా. అది బాలగ్రంథి కణితి.

బాల్యంలో పెరిగి, వయసుతో కరిగిపోయే గ్రంథి

థైమస్ అనే ఈ అవయవాన్ని తెలుగు పాఠ్యగ్రంథాలు బాలగ్రంథి అని పేర్కొన్నవి. అది సార్థక నామధేయం. శిశువు పుట్టినప్పుడు పది, పదిహేను గ్రాముల బరువుతో ఉండే ఈ గ్రంథి, యౌవనారంభం వరకు పెరిగి ముప్ఫై, నలభై గ్రాములకు చేరుతుంది. అటు పిమ్మట ఏటేటా కుంచించుకుపోతూ, దాని స్థానాన్ని కొవ్వు ఆక్రమిస్తుంది. వృద్ధులలో దీనిని కొవ్వు నుండి వేరుచేసి గుర్తించడమే కష్టం.

ఇది చేసే పని ఏమిటో వైద్యశాస్త్రానికి చాలాకాలం బోధపడలేదు. 1961లో లండనులో పరిశోధన చేస్తున్న జాక్ మిల్లర్ అనే శాస్త్రజ్ఞుడు అప్పుడే పుట్టిన ఎలుక పిల్లల నుండి ఈ గ్రంథిని తొలగించి చూశారు. ఆ పిల్లలు అంటురోగాల పాలై చిక్కిపోయినవి. వాటి రక్తంలో లింఫోసైట్లనే తెల్లకణాలు తగ్గిపోయినవి. అంతకన్న ఆశ్చర్యకరమైన విషయం మరొకటి ఉన్నది. పరాయి జాతి ఎలుకల చర్మాన్ని అతికించినా వాటి శరీరం తిరస్కరించలేదు. తనది ఏదో, పరాయిది ఏదో గుర్తించే విద్య ఈ గ్రంథిలోనే అలవడుతుందని ఆ ప్రయోగాలతో తేలినది. అందుకే ఇక్కడ శిక్షణ పొందే కణాలకు థైమస్ పేరులోని మొదటి అక్షరాన్ని తీసుకుని ‘టి’ కణాలని పేరు పెట్టారు.

ఆ శిక్షణను మన సంస్థలోని ప్రొబేషనుతో పోల్చవచ్చును. ఎముకల మూలుగలో పుట్టిన లేత కణాలు ఈ గ్రంథిలోకి వచ్చి చేరుతవి. ఇక్కడ వాటికి రెండు పరీక్షలు. శరీరపు సొంత గుర్తులను చదవడం చేతనైనదా అన్నది మొదటిది. చదివిన పిమ్మట సొంత కణజాలంపై కత్తి దూస్తుందా అన్నది రెండవది. మొదటి దానిలో తప్పినదీ, రెండవ దానిలో దుడుకు చూపినదీ అక్కడే అంతరిస్తుంది. ప్రవేశించిన వాటిలో ఉత్తీర్ణత పొంది రక్తంలోకి వెళ్ళేవి నూటికి అయిదింటికి మించవు. ఇంత కఠినమైన పాఠశాల మన దేహంలో మరొకటి లేదు. ఆ పాఠశాల గోడలలోనే కణితి పుడితే ఏమగునన్నదే నేటి మన విషయం.

పెద్దదన్న నేరానికి శిక్ష

కణితి ప్రస్తావనకు ముందు ఈ గ్రంథి చరిత్రలో జరిగిన ఒక ఘోరమైన పొరపాటును చెప్పుకోవలసి ఉన్నది. పందొమ్మిదవ శతాబ్దం చివర, హఠాత్తుగా మరణించిన కొందరు పసిబిడ్డల దేహాలను పరీక్షించిన వైద్యులు వారి బాలగ్రంథి మరీ పెద్దదిగా ఉన్నదని, అదే శ్వాసనాళాన్ని నొక్కి ప్రాణం తీసినదని భావించారు. 1907 నుండి పాశ్చాత్య దేశాలలో ఆరోగ్యంగా ఉన్న శిశువులకు సైతం ముందు జాగ్రత్త పేరిట రొమ్ముపై ఎక్స్‌రే కిరణాలు ప్రసరింపజేసి ఆ గ్రంథిని కుదించసాగారు.

నిజానికి అవి పెద్ద గ్రంథులు కావు, సహజమైనవే. వైద్య విద్యార్థులు కోసి చూసి కొలతలు నేర్చుకున్న దేహాలలో అధికభాగం నిరుపేదలవి. తిండి లేక, దీర్ఘరోగాలతో తీసుకుని మరణించిన వారిలో బాలగ్రంథి ఎండిపోయి ఉంటుంది. ఆ ఎండిన గ్రంథినే ప్రమాణంగా తీసుకున్నందున ఆరోగ్యవంతుని గ్రంథి వారి కంటికి రోగంగా తోచినది. దాని ఫలితం దశాబ్దాల తరువాత బయటపడినది. చిన్నతనంలో ఆ కిరణ చికిత్స పొందిన వారిలో అవటు గ్రంథి క్యాన్సర్ వస్తున్నట్లు 1950లో అమెరికా వైద్యులు గుర్తించారు. కొలబద్దే తప్పైనప్పుడు ఎంత శ్రద్ధగా కొలిచినా ఫలితం తప్పుగానే వస్తుంది.

మెత్తగా కనిపించి మొండికేసే కణితి

ఇక కణితి స్వభావానికి వద్దాము. థైమోమా సాధారణంగా నలభై నుండి డెబ్భై ఏళ్ళ మధ్య వయసు వారిలో కనిపిస్తుంది. పొగ త్రాగడం వంటి స్పష్టమైన కారణం దేనినీ దీనికి అంటగట్టలేదు. అనేకులలో ఏ బాధా పెట్టదు. మరి దేనికోసమో తీసిన ఎక్స్‌రేలో, స్కాన్‌లో అనుకోకుండా బయటపడుతుంది. పెద్దదైతే దగ్గు, ఆయాసం, రొమ్ములో బరువు, ముఖం ఉబ్బడం వంటివి కలుగుతవి.

దీని మొదటి వింత సూక్ష్మదర్శిని క్రింద కనిపిస్తుంది. సాధారణంగా క్యాన్సర్ కణం వికృతంగా, క్రమం తప్పి ఉంటుంది. దానిని చూడగానే నిపుణులు పోల్చుకుంటారు. థైమోమా కణాలు మాత్రం అధికభాగం సౌమ్యంగానే కనిపిస్తవి. ఐనను అట్టి సౌమ్యమైన కణాలే కణితి చుట్టూ ఉన్న తొడుగును చీల్చుకుని పక్కనున్న కొవ్వులోకి, ఊపిరితిత్తిలోకి, గుండె పొరలోకి చొచ్చుకుపోగలవు. కనుక కణం ముఖం చూసి కాక, తొడుగు దాటినదా లేదా అన్నదానిని చూసి ప్రమాదాన్ని నిర్ణయించవలసి వచ్చినది. 1981లో జపాను శస్త్రవైద్యులు మసావోకా ఈ ఆధారంపైనే నాలుగు దశలను ఏర్పరచారు. తొడుగు చెక్కుచెదరకుండా ఉంటే మొదటి దశ. తొడుగు దాటి పక్క కొవ్వులోకి వస్తే రెండవది. ఊపిరితిత్తి, గుండె పొర, పెద్ద రక్తనాళాల వంటి పొరుగు అవయవాలను పట్టుకుంటే మూడవది. దూరంగా విత్తనాలు చల్లితే నాలుగవది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లో కణాల ఆకృతిని బట్టి ఏ, ఏబీ, బీ1, బీ2, బీ3 అనే తరగతులను కూడా నిర్ణయించినది. ఒకప్పుడు వీటిలో కొన్నింటిని నిరపాయకరమైన కణితులని వ్యవహరించేవారు. నేడు ఆ మాటను వైద్యులు విడిచిపెట్టారు. థైమోమా ఏ తరగతిదైనను హద్దు దాటగల శక్తి కలదిగానే దానిని పరిగణిస్తారు.

రెండవ వింత వ్యాపించే తీరులో ఉన్నది. చాలా క్యాన్సర్లు రక్తం వెంట, లింఫు నాళాల వెంట కాలేయానికి, ఎముకలకు, మెదడుకు ప్రయాణిస్తవి. థైమోమా అంత దూరం పోవడం అరుదు. అది రొమ్ము గూటిలోనే, ఊపిరితిత్తులను కప్పి ఉండే ప్లూరా పొర మీద చిన్న చిన్న గింజలుగా రాలి, ఆ రాలిన చోట మొలకెత్తుతుంది. పండిన కాయ పగిలి గింజలు చెట్టు క్రిందనే పడినట్లు, ఆ గింజలు తరచు గూటి అడుగున, ఉదరవితానం మీద కనిపిస్తవి.

మూడవ వింత కాలానికి సంబంధించినది. అనేక క్యాన్సర్లలో చికిత్స జరిగి అయిదేళ్ళు గడిస్తే గండం గడిచినదని భావిస్తాము. థైమోమాకు ఆ లెక్క చాలదు. పదేళ్ళ తరువాత, కొందరిలో ఇరవై ఏళ్ళ తరువాత కూడా తిరిగి కనిపించిన సందర్భాలు వైద్య గ్రంథాలలో నమోదై ఉన్నవి. అది నిద్రపోతుందే గాని అన్ని వేళలా మరణించదు.

మరొక వింత కూడా ఉన్నది. లింఫోసైట్లు అధికంగా ఉండే కొన్ని థైమోమాలు స్టెరాయిడ్ మాత్రలు వాడినంత మాత్రాన స్కాన్‌లో చిన్నవైపోతవి. కరిగినది అధికభాగం కణితిలో చేరిన లింఫోసైట్లు మాత్రమే. కణితికి మూలమైన కణాలు అలాగే ఉండవచ్చును. తగ్గినది కదా అని శస్త్రచికిత్స మానుకున్నవారు మోసపోతారు. దీనికి విలోమంగా, వేరే క్యాన్సరుకు తీవ్రమైన మందులు వాడి కోలుకున్న పిల్లలలో, యువకులలో ఆరోగ్యకరమైన బాలగ్రంథే తాత్కాలికంగా ఉబ్బి కొత్త కణితివలె భయపెడుతుంది. అది గ్రంథి తిరిగి పుంజుకోవడమే తప్ప రోగం కాదు.

ఒక చోట కణితి, మరొక చోట కష్టం

వీటన్నింటికంటె విచిత్రమైనది, ఈ కణితి తాను అంటని అవయవాలను కూడా దెబ్బతీయగలగడం. థైమోమా ఉన్నవారిలో సుమారు మూడవ వంతు మందికి మయస్తీనియా వస్తుంది. మయస్తీనియా ఉన్నవారిలో నూటికి పది, పదిహేను మందికి థైమోమా ఉంటుంది. రెప్ప వాలినప్పుడు రొమ్ముకు స్కాన్ తీయించడంలోని రహస్యం ఇదే.

నరం చివర నుండి ఎసిటైల్ కోలిన్ అనే రసాయనం వెలువడి, కండరం మీద ఉన్న గ్రాహకాలను తాకినప్పుడు కండరం కదులుతుంది. మయస్తీనియాలో శరీరం తన గ్రాహకాలపై తానే ప్రతిరక్షకాలను తయారు చేసుకుంటుంది. 1973లో అమెరికాలో పాట్రిక్, లిండ్‌స్ట్రోమ్ అనే శాస్త్రజ్ఞులు విద్యుత్ చేప నుండి తీసిన గ్రాహకాన్ని కుందేళ్ళకు ఎక్కించగా అవి ఇదే విధంగా బలహీనపడినవి. కణితి ఉన్న గ్రంథి టి కణాలను తయారు చేయడం మానదు. కాని వాటిని సరిగా పరీక్షించదు. సొంత కణజాలంపై దుడుకు చూపే వాటిని ఏరివేసే ఏర్పాటు అందులో దెబ్బతిని ఉంటుంది. ఉత్తీర్ణత లేని అభ్యర్థులకు నియామక పత్రాలు ఇచ్చి పంపినట్లు, ఆ కణాలు దేహమంతటా తిరిగి ప్రతిరక్షకాల తయారీకి దోహదం చేస్తవి.

దెబ్బ కండరానికే పరిమితం కాదు. థైమోమా ఉన్నవారిలో సుమారు నూటికి అయిదుగురికి ఎముకల మూలుగలో ఎర్రకణాల తయారీ దాదాపు నిలిచిపోతుంది. భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం 1940 దశకంలో కృత్రిమంగా తయారు చేసిన ఫోలిక్ ఆమ్లం ఎందరి రక్తహీనతనో పోగొట్టినది. ఈ రక్తహీనతకు మాత్రం ఫోలిక్ ఆమ్లమూ పనిచేయదు, ఇనుము మాత్రలూ పనిచేయవు. లోపం ముడిసరకులో లేదు, కార్ఖానాయే మూతపడినది. మరి కొందరిలో రక్షక ప్రోటీన్లు తగ్గి మాటిమాటికీ ఊపిరితిత్తుల జబ్బులు వస్తవి. 1954లో అమెరికా వైద్యులు రాబర్ట్ గుడ్ దీనిని వర్ణించినందున అది ఆయన పేరనే వ్యవహారంలో ఉన్నది. బహు కొద్దిమందిలో కండరాలు నిరంతరం అదురుతూ, రాత్రులు నిద్ర పూర్తిగా కరువై, మతిభ్రమ కలిగే మోర్వాన్ వ్యాధి కూడా రావచ్చును.

కణితి పరిమాణానికీ ఈ ఉపద్రవాలకూ పొంతన లేదు. చిన్న కణితి పెద్ద కష్టాన్ని తేగలదు. పెద్ద కణితి మౌనంగా ఉండగలదు. కణితిని తొలగించిన తరువాత మొదటిసారిగా మయస్తీనియా పైకి వచ్చినవారు కూడా ఉన్నారు. అప్పటికే దేహంలోకి వెళ్ళిన కణాలను శస్త్రవైద్యుని కత్తి వెనక్కు పిలవలేదు గదా.

చికిత్స నడచిన దారి

ఈ బలహీనతను 1672లోనే ఇంగ్లండులో థామస్ విల్లిస్ వర్ణించినప్పటికీ దానికి మందు దొరకడానికి రెండున్నర శతాబ్దాలకు పైగా పట్టినది. 1901లో జర్మనీకి చెందిన వైగెర్ట్, ఈ వ్యాధితో మరణించిన రోగి బాలగ్రంథిలో కణితిని కనుగొన్నారు. 1934లో లండను గ్రీనిచ్‌లోని సెయింట్ ఆల్ఫెజ్ ఆసుపత్రిలో పనిచేస్తున్న మేరీ వాకర్ అనే వైద్యురాలు ఈ వ్యాధి లక్షణాలు బాణపు కొనలకు పూసే క్యురారే విషం లక్షణాలను పోలి ఉన్నవని గ్రహించి, ఆ విషానికి విరుగుడైన ఫైసోస్టిగ్మిన్‌ను రోగికి ఇచ్చారు. వాలిన రెప్ప కొద్దిసేపటిలో లేచినది. నేడు వాడుకలో ఉన్న పిరిడోస్టిగ్మిన్ మాత్ర ఆ మందు కుటుంబానికి చెందినదే.

1936లో అమెరికా శస్త్రవైద్యులు ఆల్ఫ్రెడ్ బ్లాలాక్ మయస్తీనియాతో బాధపడుతున్న ఒక యువతి బాలగ్రంథి కణితిని తొలగించగా ఆమె బాగా కోలుకున్నది. అటుపై కణితి లేని మయస్తీనియా రోగులకు కూడా ఆ గ్రంథిని తీసివేయడం ఆచారమైనది. అది నిజంగా మేలు చేస్తుందా అన్న తర్కానికి 2016లో సమాధానం లభించినది. పలు దేశాల ఆసుపత్రులలో 126 మంది రోగులపై జరిపిన తులనాత్మక పరీక్షలో, శస్త్రచికిత్స పొందినవారికి బలహీనత తగ్గినదని, మందుల అవసరం కూడా తక్కువైనదని తేలినది.

థైమోమాకు ప్రధాన చికిత్స దానిని, చుట్టూ ఉన్న గ్రంథి, కొవ్వుతో సహా ఏమీ మిగల్చకుండా తీసివేయడమే. ఒకప్పుడు రొమ్ము ఎముకను నిలువునా కోసి తీసేవారు. నేడు అనువైన వారికి ప్రక్కటెముకల మధ్య చిన్న రంధ్రాల ద్వారా, కెమెరా సహాయంతో లేదా రోబోటు చేతులతో కూడా తీస్తున్నారు. పూర్తిగా తీయ వీలు కానప్పుడు ముందుగా మందులతో కుదించి, పిదప కోసి, అవసరమైతే కిరణ చికిత్స ఇస్తారు. సరోజినీ నగర్‌కు చేరువనే ఉన్న అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలోను, హైదరాబాదు నిజాం వైద్య విజ్ఞాన సంస్థలోను ఈ శస్త్రచికిత్సలు జరుగుతున్నవి.

ఐతే ఈ గ్రంథి పెద్దవారికి పూర్తిగా నిరుపయోగమన్న పాత నమ్మకం కూడా సడలినది. బాలగ్రంథి తొలగింపబడిన వయోజనులను అమెరికా వైద్యులు పరిశీలించి 2023లో ఫలితాలు ప్రకటించారు. అయిదేళ్ళలో మరణించినవారు వారిలో నూటికి 8.1 మంది కాగా, గ్రంథి ఉంచుకున్న వారిలో 2.8 మంది. కణితి ఉన్నప్పుడు తీయక తప్పదు. అవసరం లేనప్పుడు దానిని తాకరాదన్నది దీనివలన గ్రహించవలసిన నీతి.

మేము అచ్చువేసిన ఒక మాట

మా సహోద్యోగి శస్త్రచికిత్స విజయవంతమైనది. మూడు నెలలకు ఆయన తిరిగి విధులలో చేరారు. మెమోను సంస్థ ఉపసంహరించుకున్నది. మేము ఆయన ఇంటికి వెళ్ళి క్షమాపణ చెప్పుకున్నాము. ఆయన నవ్వి, “కుంభకర్ణుడు ఆరు నెలలకైనా లేచేవాడండీ, నాకు మంచుముక్క కావలసి వచ్చినది” అన్నారు. మా పత్రికలో కుటుంబ వార్తల పుటలో ‘నిరపాయకరమైన కణితిని తొలగింపజేసుకుని పూర్తిగా కోలుకున్నారు’ అని సంతోషంగా ప్రకటించాము. ఆ వాక్యం మాదే. దానిని వ్రాయడానికి ముందు ఏ వైద్యుని కూడా అడగలేదు.

నాలుగేళ్ళ పాటు ఏటా స్కాన్ తీయించుకున్నారు. 2003లో విశాఖపట్నానికి బదిలీ అయినది. క్వార్టరు ఖాళీ చేసే తొందరలో ఫిల్ములూ కాగితాలూ ఎక్కడివక్కడ పోయినవి. నిరపాయకరమన్నారు గదా, అయిదేళ్ళు దాటినవి గదా అన్న ధైర్యంతో పరీక్షలు మానుకున్నారు. 2009లో వార్షిక ఆరోగ్య పరీక్షలో తీసిన ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి అడుగున నీడలు కనిపించినవి. స్కాన్‌లో అవి ప్లూరా మీద రాలిన గింజలని తేలినది. అప్పటికి పదకొండేళ్ళు.

హైదరాబాదు వైద్యులు పాత శస్త్రచికిత్స వివరాలు అడిగారు. ఆయన సతీమణి తన ట్రంకు పెట్టె అడుగున, కార్యాలయపు సెలవు దరఖాస్తుల నకళ్ళ మధ్య, 1998 నాటి కణజాల పరీక్ష నివేదికను వెదకి తీశారు. అందులో ఒక పంక్తి ఉన్నది. కణితి తొడుగు ఒక చోట తెగి, కణాలు పక్క కొవ్వులోకి వచ్చినవని స్పష్టంగా వ్రాసి ఉన్నది. అనగా అది రెండవ దశ. ఆ పంక్తిని పదకొండేళ్ళలో ఎవరూ ఆయనకు చదివి వినిపించలేదు. ఆయనా చదవలేదు. మేము చదవకుండానే అచ్చువేశాము.

రెండవసారి శస్త్రచికిత్స, ఆపై మందులు జరిగినవి. తిరిగి వచ్చిన థైమోమాకు కూడా మళ్ళీ శస్త్రచికిత్స చేసి చాలాకాలం అదుపులో ఉంచగలగడం ఈ కణితిలోని ఒక మంచి లక్షణం. ఆయన 2012లో పదవీ విరమణ చేసి విశాఖలోనే స్థిరపడ్డారు. నేటికీ మాత్రలు వాడుతూ, ఏటా ఒకసారి పరీక్షకు వెళ్ళి వస్తున్నారు. సరోజినీ నగర్ పాత క్వార్టర్లలో అనేకం ఇప్పుడు లేవు. 2016లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పునర్నిర్మాణ పథకం క్రింద వాటిని కూల్చి ఎత్తైన భవనాలు కడుతున్నారు. ఆ ట్రంకు పెట్టె మాత్రం వారి ఇంట భద్రంగా ఉన్నది.

పాఠకులకు మా మనవి

సాయంకాలానికి రెప్పలు వాలడం, వస్తువులు రెండుగా కనిపించడం, నమలడంలో, మాటలో, మెట్లు ఎక్కడంలో అలసట పెరిగి విశ్రాంతితో తగ్గడం గమనించినచో దానిని బద్ధకమని గాని, మద్యమని గాని నిర్ణయించకుండా నాడీ వైద్యులకు చూపించండి. మీ క్రింద పనిచేసేవారిలో అట్టి లక్షణాలు కనిపిస్తే మెమోకు ముందు వైద్యపరీక్షకు పంపండి.

మయస్తీనియా ఉన్నవారికి కొన్ని యాంటీబయోటిక్‌లు, మెగ్నీషియం ఇంజెక్షను, బీటా బ్లాకర్ జాతి రక్తపోటు మాత్రలు బలహీనతను పెంచవచ్చును. ఏ వైద్యుని వద్దకు వెళ్ళినా, పంటికో కంటికో అయినా సరే, ఈ వ్యాధి ఉన్నదని మొదటనే చెప్పాలి. మ్రింగడంలోను, ఊపిరి తీయడంలోను కష్టం కలిగితే తెల్లవారే వరకు ఆగరాదు. వెంటనే ఆసుపత్రికి చేరాలి.

థైమోమాకు చికిత్స పొందినవారు అయిదేళ్ళతో ఆగక, కనీసం పదేళ్ళకు పైగా వైద్యులు చెప్పిన ప్రకారం పరీక్షలు కొనసాగించాలి. కణజాల పరీక్ష నివేదిక, శస్త్రచికిత్స వివరాలు, స్కాన్ ఫిల్ములు సర్వీసు పుస్తకంతో సమానంగా భద్రపరచుకోవాలి. బదిలీ ఉత్తర్వు వచ్చిన రోజున సామానుకంటె ముందు ఆ కట్టను సర్దుకోండి. బిల్లుల కోసం అసలు పత్రాలను వైద్య విభాగానికి సమర్పించేటప్పుడు నకళ్ళు తీసి ఇంట ఉంచుకోండి. అన్నింటికంటె ముఖ్యంగా, నివేదికలోని ప్రతి పంక్తికీ అర్థం ఏమిటని వైద్యుని అడగండి. అడగడం అవిధేయత కాదు.

1998లో మేము అచ్చువేసిన వార్తకు ఇంత ఆలస్యంగానైనా ఇది సవరణగా భావించవలసినదిగా పాఠకులను కోరుతున్నాము. ఈ వ్యాసం అవగాహన కొరకే గాని వైద్య సలహాకు బదులు కాదు. వచ్చే సంచికలో, వేసవి రానున్నది గనుక, క్షేత్రస్థాయిలో పనిచేసేవారి వడదెబ్బను గురించి వ్రాస్తాము.